విశాఖ తీరం: రేవు నుంచి భీమిలి దాకా

విశాఖపట్నం చూడటానికి వచ్చేవాళ్లలో చాలామంది ఊరికి ఒక్క సాయంత్రమే కేటాయిస్తారు. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చుని మురీ మిక్చర్ తింటారు. ఒడ్డున ఉన్న జలాంతర్గామి ముందు ఫొటో దిగుతారు. తెల్లారగానే అరకు రైలెక్కేస్తారు. అరకు అందాన్ని కాదనేవాళ్లు ఎవరూ లేరు. కానీ విశాఖ అరకుకు వెళ్లే దారిలో తగిలే మజిలీ కాదు. దక్షిణాన రేవు దగ్గర మొదలుపెట్టి ఉత్తరాన భీమిలి దాకా తీరం వెంట తీరిగ్గా వెళితే, రెండు రోజులు కూడా చాలవనిపిస్తుంది.

మొదటి రోజు తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లాలి. రాత్రంతా వేట చేసిన మరబోట్లు ఒకదాని వెనక ఒకటి జెట్టీకి చేరుతుంటాయి. చందువ, వంజరం, కానాగంతలు, కవళ్లు, రొయ్యలు తట్టల్లో ఒడ్డుకు దిగుతాయి. వేలం పాట నిమిషాల్లో ముగుస్తుంది. బేరంలో ముందుండేది ఆడవాళ్లే. చేపలు కొని, ఐసు వేయించి, ఆటోల్లో ఊళ్లోకి తీసుకెళ్లి అమ్మేదీ వాళ్లే. నేల తడిగా, జారుడుగా ఉంటుంది కాబట్టి చెప్పులు గట్టివి వేసుకోవాలి. పని చేసేవాళ్లకు అడ్డు రాకుండా ఓ పక్కన నిలబడాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల్లో వెళితే జెట్టీకి కట్టేసిన బోట్లే కనిపిస్తాయి.

అక్కడికి దగ్గర్లోనే పాతనగరం. కురుపాం మార్కెట్, రాణి బొమ్మ అని పిలుచుకునే విక్టోరియా విగ్రహం, సన్నటి సందుల్లో పాత పెంకుటిళ్లు కనిపిస్తాయి. శ్రీశ్రీ 1910లో పుట్టిన ఊరిది. సి.వి. రామన్ చిన్నతనంలో చదువుకున్నదీ ఇక్కడే. న్యాయవాదిగా పనిచేస్తూ, కోర్టు మెట్లెక్కే బీదాబిక్కీ జీవితాల్ని ఇక్కడి యాసలోనే కథలకెక్కించిన రావిశాస్త్రిదీ ఈ పట్నమే. రేవు ముఖాన పక్కపక్కనే మూడు కొండలుంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, మరోదాని మీద రాస్‌హిల్ చర్చి. మెట్లెక్కి పైన నిలబడితే ఓడలు రేవు కాలువలోకి మలుపు తిరిగే తీరు కళ్లముందే కనబడుతుంది. ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన పెద్ద కొండే డాల్ఫిన్స్ నోస్. తుపాను గాలుల నుంచి రేవుకు కొంత కాపు కాసేది అదే.

ఈ రేవు 1933లో మొదలైంది. దాన్ని కట్టిన ఇంజనీర్లను అన్నిటికంటే ఎక్కువ వేధించింది ఇసుక. ఈ తీరం వెంట అలల తోపుడుకు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. వదిలేస్తే కాలువ ముఖాన్ని పూడ్చేస్తుంది. అందుకని రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి, రేవు ముఖం దగ్గర ముంచేసి, వాటినే అడ్డుకట్టగా మార్చారు. అలల జోరు తగ్గిన చోట ఇసుక ఆగుతుంది. అక్కడి నుంచి డ్రెడ్జర్లతో తోడేస్తారు. రేవుకు మేలే జరిగింది. కానీ ఆగిపోయిన ఆ ఇసుక సహజంగా చేరాల్సింది ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి. అది అందకపోతే అలలు ఒడ్డును కోసేస్తాయి. అందుకే తోడిన ఇసుకను మళ్లీ బీచ్‌కు చేర్చే పని ఏళ్లుగా సాగుతోంది. ఒక ఏడాది విశాలంగా కనిపించిన బీచ్ మరో ఏడాది సన్నబడిందంటే కారణం చాలావరకు ఇదే. ఈ సంగతి తెలిసి చూస్తే ఆర్కే బీచ్ మునుపటిలా కనిపించదు.

ఒడ్డున ఉన్న ఐఎన్ఎస్ కుర్సురాను బయటి నుంచి చూసి వెళ్లిపోకూడదు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001 దాకా పనిచేసింది. 2002లో ఒడ్డుకు లాగి మ్యూజియంగా మార్చారు. పొడవు 91 మీటర్లు. లోపల సుమారు 75 మంది రోజుల తరబడి బతికిన చోటులో ఇద్దరు ఎదురుపడితే పక్కకు ఒరగాల్సిందే. టార్పెడోల పక్కనే పడకలు, అలమారంత వంటగది. గుండ్రటి ఇరుకు ద్వారాల్లో వంగి దాటాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. రోడ్డుకు అవతల 2017లో తెరిచిన టీయూ-142 విమాన మ్యూజియం ఉంది. జలాంతర్గాములను వెతికి పట్టుకోవడమే ఆ విమానం పని.

ఈ రెండూ ఇక్కడ ఉండటం యాదృచ్ఛికం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. 1971 యుద్ధంలో డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా బీచ్ రోడ్డులో స్మారకం నిలబెట్టారు. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. ఆ రోజుల్లో బీచ్‌లో విన్యాసాలు జరిగితే ఊరు ఊరంతా ఒడ్డునే ఉంటుంది.

ఆషాఢ పౌర్ణమి ముందు రోజు వచ్చేవాళ్లకు మరో దృశ్యం కనిపిస్తుంది. సింహాచలం గిరి ప్రదక్షిణ చేసే లక్షల మంది భక్తులు కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. అప్పూఘర్ దగ్గర దారి సముద్రాన్ని తాకుతుంది. అక్కడ చాలామంది స్నానం చేసి మళ్లీ నడక సాగిస్తారు. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు పంచుతూ ఊరివాళ్లు రాత్రంతా మేలుకుని ఉంటారు. సింహాచలం అప్పన్న సన్నిధికి సముద్రపు ఒడ్డు మీదుగా వెళ్లే ఈ నడకను ఒక్కసారైనా చూసి తీరాలి.

రెండో రోజు భీమిలి రోడ్డు. కైలాసగిరి రోప్‌వే పిల్లలకు సరదా. పైనుంచి కనిపించే తీరపు వంపు పెద్దలకూ నచ్చుతుంది. రుషికొండ దాటాక తొట్లకొండ వస్తుంది. నౌకాదళం అవసరాల కోసం 1970లలో చేసిన సర్వేలో బయటపడిన బౌద్ధారామం ఇది. స్తూపాల పునాదులు, భిక్షువుల గదులు, వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. రెండువేల ఏళ్ల కిందట ఈ తీరానికి ఎంత దూరం నుంచి వర్తకం సాగిందో చెప్పడానికి ఆ నాణేలే సాక్ష్యం. సాయంత్రం ఎండ తగ్గాక వెళితే కొండ మీద గాలి హాయిగా ఉంటుంది.

ఇంకొంచెం ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. ఎన్నో సినిమా పాటల్లో చూసిన చోటే. వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికంటే వెనక్కి ఉన్న కాలంలో, బయటపడిన ఇసుకను గాలి ఎగరేసి ఇక్కడ కుప్పలు పోసింది. అందులోని ఇనుము తుప్పు పట్టి రంగు ఎర్రబడింది. వాన నీరు కోసిన లోయల్లో నడుస్తుంటే రెండు పక్కలా ఎర్రటి గోడలు లేస్తాయి. 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఈ దిబ్బలు చాలా మెత్తన. గోడలెక్కితే మట్టి విరిగి పడుతుంది, పోయింది మళ్లీ రాదు. విశాఖలో ఒక్కచోటే చూడగలిగే తీరిక ఉంటే ఇక్కడికే రావాలి.

చివర భీమిలి. గోస్తని నది సముద్రంలో కలిసే చోటు. 1861లోనే మున్సిపాలిటీ అయింది. 17వ శతాబ్దంలో వర్తకం కోసం వచ్చి ఇక్కడే కన్నుమూసిన డచ్చివారి సమాధులు ఒడ్డుకు దగ్గర్లోనే ఉన్నాయి. వాటి మీది చెక్కడపు పని, పాత లిపి చూడదగ్గవి.

ప్రయాణానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సోమవారం కుర్సురాకు సెలవు, ఆ రోజు తప్పించి రావాలి. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. ఆర్కే బీచ్‌లోనూ, రుషికొండలోనూ అలలు చూడ్డానికి మెత్తగా ఉన్నా లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. ఏటా పర్యాటకులు, ముఖ్యంగా కుర్రాళ్లు, మునిగిపోతూనే ఉన్నారు. లైఫ్‌గార్డు వద్దన్న చోట నీళ్లలోకి దిగకండి, పిల్లల చెయ్యి వదలకండి.