రహన్ ఇల్లు: కనిపించని వడ్డీ

ఉన్న ఇంటి పక్కనే రెండు గదులు వేసి కిరాయికి ఇచ్చుకునే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. పింఛను లేని పెద్దలకు, వితంతువులకు ఆ కిరాయే ఆధారం. అలాంటివారికి ఆడపిల్ల పెళ్ళికో, వైద్యానికో ఒకేసారి పెద్ద మొత్తం అవసరమైతే ఇంటిని 'రహన్'కు ఇస్తుంటారు. కొన్నిచోట్ల దీన్నే భోగ్యం అనీ, హెవీ డిపాజిట్ అనీ అంటారు. వచ్చినవారు రెండు మూడు లక్షలు ఇచ్చి కిరాయి లేకుండా ఉంటారు. గడువు తీరాక యజమాని ఆ సొమ్మంతా తిరిగి ఇవ్వాలి. "వడ్డీ లేదు, కిరాయీ లేదు, ఇందులో తప్పేముంది?" అని చాలామంది అడుగుతుంటారు.

ఒకసారి లెక్క వేసి చూద్దాం. నెలకు 6 వేల రూపాయల కిరాయి వచ్చే ఇంటిని 3 లక్షలకు 3 ఏళ్ళు రహన్‌కు ఇచ్చారనుకోండి. యజమాని వదులుకున్న కిరాయి 2 లక్షల 16 వేలు. 3 లక్షల అసలు మాత్రం అలాగే నెత్తిమీద ఉంటుంది. అంటే నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ కట్టినట్లే! అప్పు ఇచ్చి, ఆ అప్పుకు బదులుగా లాభం పొందడం వడ్డీయేనని ఉలమాలు చెబుతారు. తాకట్టు అనేది అప్పుకు భరోసా మాత్రమే.

చట్టం వైపునుంచీ చిక్కే. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం ఇల్లు స్వాధీనపరచి 100 రూపాయలు, ఆపైన అప్పు తీసుకుంటే ఆ తనఖా పత్రం రిజిస్టరు కావాలి, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. మనవారు స్టాంపు కాగితంతోనే సరిపెట్టుకుంటారు. తీరా తగాదా వస్తే అటు ఇల్లు ఖాళీ కాదు, ఇటు సొమ్ము చేతికి రాదు.

మరి అవసరం ఎలా తీరుతుంది? ఏడాది కిరాయి ముందుగానే తీసుకోవచ్చు. 72 వేలు చేతికొస్తాయి. నెలనెలా అది కిరాయి కింద చెల్లిపోతుంది, అప్పు మిగలదు. మామూలు అడ్వాన్సు అయితే ఒకటి రెండు నెలల కిరాయికి మించకుండా తీసుకుని, అమానత్‌గా భద్రపరచాలి. కిరాయి ఎంత, గడువు ఎంత, మరమ్మతులు, కరెంటు బిల్లు ఎవరివి అన్నది రాసుకోవాలి. ఏడాదికి మించిన ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్, బఖరా సూరాలోని 282వది, అప్పు లావాదేవీలను రాసుకోవడం గురించే అన్న సంగతి మనం మరువరాదు.

ఇప్పటికే రహన్‌లో ఉన్నవారు బెంగపడనక్కరలేదు. ఇరుపక్షాలూ ఒక ఆలిమ్ సమక్షంలో కూర్చుని, ఇకమీదట నెలకు 6 వేల చొప్పున ఆ 3 లక్షల్లోంచి కిరాయి తగ్గించుకోవడానికి ఒప్పుకుంటే చాలు. 50 నెలల్లో అప్పు తీరుతుంది. ఇల్లు ఇల్లుగానే మిగులుతుంది.