శాన్‌కాల్ టీకా జీవితకథ

గాజులరామారము, జీడిమెట్లల యంత్రశాలలను దాటి ఉత్తరముగా సాగినచో, మేడ్చల్ మండలమందలి అత్వెల్లిలో శాంతా బయోటెక్నిక్స్ కర్మాగారము కలదు. కె.ఐ. వరప్రసాదరెడ్డి తన తల్లి శాంతమ్మ పేర 1993లో నెలకొల్పిన ఈ సంస్థ 1997లో హెపటైటిస్-బి టీకాను స్వదేశమున తయారుచేసి కీర్తి గడించిన సంగతి తెలుగువారెల్లరకు తెలిసినదే. కాని 2009లో అది వెలువరించిన శాన్‌కాల్ అను కలరా టీకా వృత్తాంతమే అంతకంటె విశేషమైనదని నా విశ్వాసము.

కలరా సూక్ష్మజీవి ప్రేగు కణములోనికి చొరబడదు. వెలుపలనుండియే విషమును విడుచును. కలకత్తా వైద్యుడు శంభునాథ్ డే కుందేలు చిన్నప్రేగులో ఒక భాగమును రెండు కొసల దారముతో బిగించి, సూక్ష్మజీవులను వడకట్టగా మిగిలిన ద్రవమును మాత్రమే అందులోనికి ఎక్కింపగా, ఆ తునక నీటితో ఉబ్బిపోయెను. 1959లో నేచర్ పత్రికలో వెలువడిన ఈ ఫలితమునకు ఆయన జీవితకాలమున తగిన మన్నన లభింపకపోవుట మన దేశమునకు తీరని లోటు.

కణపు పొరకు చిల్లిపెట్టు విషములు వేరు: స్టాఫిలోకాకస్ విడుచు ఆల్ఫా విషము ఏడు అణువులు జతగూడి పొరను తొలుచును. కలరా విషము అట్లు చేయదు. దాని ఐదు బి-భాగములు నందివర్ధనపు రేకులవలె చక్రాకారముగా నమరి, నడిమి రంధ్రమున ఏ-భాగపు కాడ దిగియుండును. ఆ రేకులు పొరపైనున్న జి.ఎం.1 అను చక్కెర కలిసిన కొవ్వు అణువులను పట్టుకొనగనే, కణము తన నిత్యకృత్యమున భాగముగా దానిని తానే లోనికి గొనిపోవును. గాల్జీ సంపుటము మీదుగా అంతర్జీవద్రవ్య జాలకమును చేరిన పిమ్మట ఏ-భాగములోని చురుకైన ముక్క విడివడి, జీవద్రవ్యములోనికి జారి, ఒక జి-ప్రోటీనును శాశ్వతముగా మేల్కొలిపి విడుచును. సైక్లిక్ ఏ.ఎం.పి. పెరిగి, క్లోరైడు ద్వారములు తెరచుకొని, వెంట సోడియము, దాని వెంట నీరు వెలికి ప్రవహించును. తీవ్రరోగి గంటకు ఒక లీటరు నీటిని కోల్పోవుటయు కలదు.

స్వీడనువారి డ్యుకోరల్ టీకాలో చచ్చిన సూక్ష్మజీవులతోపాటు హాని చేయని ఆ బి-భాగమును సైతము చేర్చిరి. అది జఠరామ్లమునకు తాళలేదు గనుక, పెద్దవారు దానిని 150 మిల్లీలీటర్ల క్షారద్రవముతో త్రాగవలెను. మంచినీరే కరవైన చోట మంచినీటితో కలిపి త్రాగవలసిన మందు ఎవరికి అందును? వియత్నామువారు బి-భాగము లేకుండనే చచ్చిన సూక్ష్మజీవుల టీకాను 1997లో వాడుకలోనికి తెచ్చిరి. సియోలులోని అంతర్జాతీయ టీకా సంస్థ దానిని సంస్కరించి, విషమును మిక్కుటముగా పుట్టించు తెగను తొలగించి, తయారీవిధానమును మేడ్చల్‌లోని శాంతా సంస్థకు అప్పగించెను. ఇట్లు వెలసిన శాన్‌కాల్ విషముతో పోరాడదు. సూక్ష్మజీవిని ప్రేగు గోడపై నిలువనీయని ప్రతిరక్షకములను పుట్టించును. నిలుచుటకు తావులేని జీవి విడిచిన విషము పొరను చేరునదెట్లు? అడ్డుకొనవలసిన చోటును ఇంత చక్కగా ఎంచుకొనుటయే దీని ఘనత.

నోట మింగు ఒకటిన్నర మిల్లీలీటరు, రెండు వారముల యెడముతో మరియొక మారు, అంతియే. కలకత్తా బస్తీలలో సుమారు 67 వేలమందిపై జరిపిన పరీక్షలో రెండేండ్లపాటు 67 శాతము, ఐదేండ్ల మీద 65 శాతము రక్షణ కనబడెను. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదముద్ర వేయగా, 2012లో అది హైతీలోను గినీలోను ప్రజలకు అందెను.

2009లోనే శాంతా సంస్థ ఫ్రాన్సుకు చెందిన సనోఫీ పరమయ్యెను. శాన్‌కాల్ ఉత్పత్తిని 2022 చివరితో నిలుపుదుమని ప్రకటించిరి. కలరా పలు దేశములలో చెలరేగి, నిల్వ చాలక, రెండు మోతాదులకు బదులు ఒక్కదానితో సరిపెట్టుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అక్టోబరులోనే చెప్పవలసివచ్చెను. ఇది నన్ను మిగుల బాధించిన సంగతి.

2024 ఆగస్టులో శామీర్‌పేట ప్రాంతపు జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ హిల్‌కాల్ అను క్రొత్త నోటిటీకాను విడుదల చేసెను. శాన్‌కాల్‌కు నాలుగు తెగలను వేరువేరుగా పెంచవలసియుండగా, దీనికి కలరా సూక్ష్మజీవి రకములైన ఒగావా, ఇనాబాల లక్షణములు రెండును గల హికోజిమా అను ఒక్క తెగను పెంచిన చాలును.