విందు ఎవరి కొఱకు?

గోదావరి తీరమున ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో 34 సంవత్సరములు తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్న మాస్టారొకరు సతీసమేతముగా హైదరాబాదు వచ్చినట్లు పాఠకులు ఊహింతురు గాక. ఆయన యొద్ద చదువుకొని నగరమున మంచి ఉద్యోగములలో కుదురుకొన్న పూర్వ విద్యార్థులు నలుగురు గురుదంపతులకు ఒక పూట విందు చేయవలెనని తలపెట్టిరి. ఆ దంపతుల ఆహారమో అతి నిరాడంబరమైనది. ముద్దపప్పు, ఆవకాయ, ఒక వేపుడు, చారు, గడ్డపెరుగు. ఇంతకు మించి వారెన్నడును కోరి ఎరుగరు. విద్యార్థుల కోరికయో ఘనమైనది. నగరమున పేరెన్నికగన్న భోజనశాలకే వారిని తీసికొనిపోవలెను. మాస్టారు ఊరికి పోయి నలుగురితో ఆ సంగతి చెప్పుకొనవలెను. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుట ఎట్లు? చూపునకిది చిన్న ప్రశ్న. కాని ఆతిథ్యధర్మమంతయు ఇందు ఇమిడియున్నది.

సాధారణముగా జరుగునది ఇది. ఎత్తైన భవనపు పై అంతస్తున, మసక వెలుతురులో, మెత్తని ఆసనములపై వారిని కూర్చుండబెట్టుదురు. తోలు అట్ట వేసిన వంటకముల జాబితా చేతికి వచ్చును. అందలి పేర్లు చదివినను అర్థము కావు. వాని ఎదుటనున్న అంకెలు మాత్రము చక్కగా అర్థమగును. ఒక్క కూర వెల తమ ఇంట వారము దినముల కూరగాయల వ్యయమును మించియున్నదని ఆ ఇల్లాలు క్షణములో లెక్క కట్టును. “ఏం తీసుకుంటారు మాస్టారూ?” అని శిష్యులు వినయముతోనే అడుగుదురు. జీవితమంతయు ఇతరులను ప్రశ్నించిన ఆయన, చదువని పాఠము నుండి ప్రశ్న వచ్చిన బాలునివలె తడబడుదురు. తుదకు “మీరేది చెబితే అదే నాయనా” అందురు. లేదా అన్నిటికంటె వెల తక్కువదానిపై వ్రేలుంతురు. ఆమెయైతే కంఠము తగ్గించి, “ఇక్కడ పెరుగన్నం దొరుకుతుందా బాబూ?” అని అడిగి, అడిగినందుకే నొచ్చుకొనును. భోజనాంతమున నిమ్మచెక్క వేసిన గోరువెచ్చని నీటిగిన్నె వచ్చును. అది త్రాగుటకో, వ్రేళ్ళు కడుగుకొనుటకో తెలియక ఇరువురును ఒకరి మొగమొకరు చూచుకొందురు. బసకు చేరిన పిమ్మట రెండు అరటిపండ్లు తిని పరుందురు. శిష్యుల భక్తికి లోపము లేదు, వ్యయమునకు వారు వెనుదీయలేదు. ఐనను గౌరవము పొందవలసినవారు ఆ పూటంతయు పరీక్షకు కూర్చుండిరి.

రెస్టారెంటు అను మాట పుట్టుక ఇచ్చట స్మరింపదగినది. ఫ్రెంచి భాషలో దాని మూలార్థము సత్తువను తిరిగి చేకూర్చునది అని. 18వ శతాబ్దమున పారిస్ నగరములో, నీరసించినవారికి బలము కలుగుటకై కాచి యిచ్చు మాంసరసమునకు ఆ పేరుండెడిది. 1760వ దశకమున ఆ రసమును విక్రయించు స్థలములకును ఆ పేరే సంక్రమించినది. అంతకుముందు అచ్చటి సత్రములలో అందరును ఒకే బల్ల చుట్టు, ఒకే వేళకు కూర్చుండి, యజమాని పెట్టినది భుజింపవలసియుండెను. ఈ కొత్త భోజనశాలలలో ఎవరి బల్ల వారిది, ఎవరి వేళ వారిది. వెలలు వ్రాసిన జాబితా చూచి కోరినది తెప్పించుకొనవచ్చును. 1789 నాటి విప్లవానంతరము ప్రభువుల ఇండ్లలో కొలువు పోయిన వంటవారు కొందరు స్వయముగా భోజనశాలలు తెరచుటతో ఈ పద్ధతి మరింత వ్యాపించెను. ఈ విధముగా జాబితా తినువాని స్వేచ్ఛకు గుర్తుగా నిలిచినది. కాని చదివి తెలిసికొనగలవానికే అది స్వేచ్ఛ, తెలియనివానికి బరువు. అలసినవారికి సత్తువనిచ్చుటకు పుట్టిన స్థలము వారిని మరింత అలయజేయుటకంటె విపరీతమేమున్నది?

మన పూటకూటి ఇండ్లలో ఈ బరువు లేదు. కాకతీయుల నాటి ఓరుగల్లును కన్నులకు కట్టించు ‘క్రీడాభిరామము’న ఒక రూకకు లభించు భోజనము వర్ణితమైనది. మేలిరకపు బియ్యపు అన్నము, గోధుమ పిండివంట, అప్పుడు కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండు, నంజుకొనుటకు నాలుగైదు, పెరుగు అందు కలవు. బాటసారి రూక ఇచ్చి కూర్చుండిన చాలును, తక్కిన ఆలోచన వండి పెట్టువారిది.

ఎన్నుకొను భారమును అతిథిపై మోపక తానే వహించుట ఆతిథ్యమున మొదటి మెట్టు. ‘ఆముక్తమాల్యద’లోని విష్ణుచిత్తుడు ఇందుకు చక్కని నిదర్శనము. వానకాలమున వచ్చిన అతిథులకు పొట్టు లేని పప్పు, వేపుళ్ళు, వడియములు, నెయ్యి, పెరుగు. వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని మజ్జిగపులుసు, చెరకురసము, లేత కొబ్బరినీరు. చలికాలమున మిరియపు పొడి తగిలిన వేడి కూరలు, ఆవపెట్టిన పచ్చళ్ళు. రాజభోజనమును ఎంతైన వర్ణింపగల శ్రీకృష్ణదేవరాయలు, ఏ వేళ ఎవరికేది హితమో ఎరిగి వడ్డించిన ఒక పూలతోట భక్తుని ఆదర్శముగా నిలిపినాడు. భారతమున రాయబారమునకు వచ్చిన శ్రీకృష్ణుడు దుర్యోధనుని విందును కాదని విదురుని ఇంట భుజించుటయు ఈ ధర్మమునే బోధించుచున్నది. దుర్యోధనుని ఇంట వంటకములకు కొదవ లేదు, కొదవ ఆదరమునకు.

అట్లని, సాదా భోజనప్రియులను వీధి మూలనున్న మెస్సునకు తీసికొనిపోయిన చాలుననుటయు సరి కాదు. ‘వారికిదే ఎక్కువ’ అను చులకన భావము అందు తొంగిచూచును. రుచులు సాదావైనంత మాత్రమున కన్నులకు అందము తెలియకపోదు. 19వ శతాబ్దాంతమున నిర్మితమై, 2010 నుండి హోటలుగా నున్న ఫలక్‌నుమా సౌధమున 101 మంది ఒకేసారి కూర్చుండదగిన భోజనపు బల్ల కలదు. అట్టిదానిని చూచి ఆనందించుటకు వంటకముల పేర్లు తెలియవలసిన పని లేదు.

మంచి భోజనశాలకు పోవుటలో మరియొక విశేషము కలదు. ఇంట ఏ విందు జరిగినను ఆ ఇల్లాలు నిలువుకాళ్ళపై వడ్డించి, అందరును లేచిన పిమ్మట మిగిలినది తిన్నది. మాస్టారింట ఆమె చేతి అన్నము తినని శిష్యుడు ఆ నలుగురిలో లేడు. భర్తతోపాటు ఒకే వేళ కూర్చుండి, మరొకరు వడ్డింపగా వేడివేడిగా భుజించుట ఆమెకు నలుబది యేండ్ల కాపురమున ఎన్ని పూటలు దొరకినది? ఆ విందునకు ముఖ్యాతిథి నిజముగా ఆమెయే.

కావున స్థలము ఎంత ఘనమైనదైనను కావచ్చును. పళ్ళెము మాత్రము వారిదై యుండవలెను. ఇందుకై శిష్యులలో ఒకరు ముందుగా పోయి చూచి రావలెను. వెలుతురు చాలినంత ఉన్నదా? సంగీతపు హోరులో మాటలు వినబడునా? మెట్లెన్ని? మోకాళ్ళ నొప్పులవారు లేవగలిగిన కుర్చీలేనా? చేతులు కడుగుకొను చోటు సమీపమున ఉన్నదా? ఇంట వారు భుజించు వేళకే అచ్చట వడ్డన ఆరంభమగునా? దక్షిణాది వంట తెలిసినవారున్న హోటలైనచో, ముందురోజే అడిగి పప్పు, చారు, పెరుగన్నము సిద్ధము చేయించవచ్చును. మధుమేహము, రక్తపుపోటు ఉన్నచో ఉప్పు, తీపుల సంగతి అప్పుడే చెప్పవలెను. తెలిసిన వంటకములు మూడుండగా తెలియనిది ఒకటి చాలును. అది నచ్చకున్న ఆకలి మిగలదు; నచ్చినచో ఊరిలో చెప్పుకొనుటకు ఒక ముచ్చట మిగులును. చెంచాలను ప్రక్కకు పెట్టి చేతితో కలుపుకొనుట శిష్యులే ముందుగా ఆరంభింపవలెను. అన్నిటికంటె ముఖ్యము, వెలల జాబితా ఆ బల్లపైకి రాకుండుట. సొమ్ము ముందే చెల్లించినచో బిల్లు కాగితము వారి కంటబడదు.

అట్టి సాయంకాలమున వడ్డించు కుర్రవాడు మొదట ఆమె కడకే వచ్చును. నెయ్యి వేయుచు, “ఇంకొంచెం వేయమంటారా అమ్మా?” అని అడుగును. ఆ మాట ఆమె జీవితమంతయు ఇతరులను అడిగినదే. మాస్టారు చారు బాగున్నదని మెచ్చి, పద్యము అప్పజెప్పలేక ఆనాడు బెంచి ఎక్కినది ఎవడో చెప్పి నలుగురిని నవ్వింతురు. బసలో అరటిపండ్లు తెల్లవారువరకు అట్లే మిగిలియుండును. విందు చేసినవారు లెక్క చూచుకొనవలసినది చెల్లించిన సొమ్ములో కాదు, అతిథులు నిశ్చింతగా తిన్న ముద్దలలో.