బెర్తుకు తగిన ఓడ, సర్వరుకు తగిన స్ప్రింగ్

విశాఖపట్నం రేవులో 1933లో ప్రారంభమైన లోపలి హార్బరు భారీ ఖనిజ నౌకలకు చాలకపోవడంతో, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని తీసుకుపోయే ఓడల కోసం 1970లలో బయటి హార్బరును నిర్మించారు. ఓడ ఎంత లోతు మునుగుతుందో చూడకుండా ఏ రేవులోనూ బెర్తు కేటాయించరు. రుషికొండ ఐటీ కార్యాలయాల్లోని ప్రోగ్రామర్లకూ, నగరంలోని ఇంజనీరింగు విద్యార్థులకూ జావా వెబ్ అప్లికేషన్ల దగ్గర ఇంతటి జాగ్రత్తే అవసరం.

బ్రౌజరు పంపిన అభ్యర్థనను అందుకొని ప్రోగ్రాముకు అప్పగించే టామ్‌క్యాట్ వంటి సర్వరు, ప్రోగ్రాముకు ముందే అల్లిన చట్రంగా ఉపయోగపడే స్ప్రింగ్ వంటి ఫ్రేమ్‌వర్కు, ఆ రెండింటికీ అడుగున ఉండే జావా, ఈ మూడింటి వెర్షన్లూ ఒకదానితో ఒకటి పొసగాలి. సర్వరుకూ ప్రోగ్రాముకూ నడుమ ఒప్పందం వంటిదైన సర్వ్‌లెట్ ప్రమాణం చాలాకాలం పాత పేర్లనే నిలుపుకోవడం వల్ల ఈ పొత్తు అంతగా చెడలేదు.

చెడింది పేరు దగ్గరే. ఒరాకిల్ సంస్థ సర్వ్‌లెట్‌తో సహా ఇలాంటి జావా ప్రమాణాలను ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తున్నట్లు 2017లో ప్రకటించినా, 'జావాఎక్స్'తో మొదలయ్యే ప్యాకేజీలను, అంటే ఒకే కోవకు చెందిన కోడును ఒక పేరు కింద చేర్చిన సముదాయాలను, ఆ పేరుతోనే మార్చి విస్తరించే హక్కు ఇవ్వలేదు. అందువల్ల 2020లో ఆ ప్రమాణాల కొత్త కూర్పుగా వెలువడిన జకార్తా ఈఈ 9లో ఆ పేరు 'జకార్తా' అయింది. పని దాదాపు పాతదే అయినా, కంప్యూటరుకు పేరే ఆనవాలు. టామ్‌క్యాట్ 9 పాత పేరునూ, టామ్‌క్యాట్ 10 కొత్త పేరునూ మాత్రమే గుర్తిస్తాయి. పాత పాఠ్యపుస్తకంలోని ఉదాహరణను టామ్‌క్యాట్ 10లో ఉంచిన విద్యార్థికి పేజీ దొరకలేదన్న 404 సందేశం ఎదురుకావచ్చు. అతడు గంటల తరబడి తన కోడులో వెతికే తప్పు అక్కడ ఉండదు.

కనుక అన్నింటిలోనూ సరికొత్తది తెచ్చి కలపడం వివేకం కాదు. ముందు ఫ్రేమ్‌వర్కును నిర్ణయించుకొని, మిగిలినవాటిని దానికి తగినట్లు ఎంచుకోవాలి. స్ప్రింగ్ 5కు టామ్‌క్యాట్ 9 సరిపోతుంది. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ 6కు కనీసం జావా 17 కావాలి, దానితో టామ్‌క్యాట్ 10.1 సరిపోతుంది, 2025లో వచ్చిన స్ప్రింగ్ 7కు టామ్‌క్యాట్ 11 కావాలి. పాతదాన్నే పట్టుకొని ఉండటమూ క్షేమం కాదు, స్ప్రింగ్ 5.3కు ఉచిత భద్రతా సవరణలు 2024 ఆగస్టుతో ఆగిపోయాయి. పాత పేర్లను కొత్త పేర్లుగా మార్చే సాధనాన్ని టామ్‌క్యాట్ బృందమే ఉచితంగా అందిస్తోంది. ఏ టామ్‌క్యాట్‌కు ఏ సర్వ్‌లెట్, ఏ జావా కావాలో తెలిపే పట్టిక కూడా టామ్‌క్యాట్‌ను వెలువరించే అపాచీ సంస్థ వెబ్‌సైట్‌లో ఉంది. విద్యార్థులు ఏదైనా డౌన్‌లోడ్ చేసుకునే ముందు ఆ పట్టికను తప్పక చదవాలి.