తాతయ్య రాత ఎక్కడికీ పోలేదు!

బీరువా సర్దుతుంటే పాత సీడీ ఒకటి బయటపడింది. ఇరవై ఏళ్ల కిందట తాతయ్య డీటీపీ సెంటర్లో దగ్గర కూర్చుని మరీ కొట్టించుకున్న జ్ఞాపకాలు అందులో ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు. కాగితాల్ని చెదలు తినేశాయి. ఇంటిల్లిపాదీ కంప్యూటర్ చుట్టూ చేరి ఆత్రంగా ఫైలు తెరిస్తే... తెర నిండా పొంతనలేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు! 'పాడైపోయింది' అనుకుని డిలీట్ నొక్కబోతారు ఎవరైనా.

ఒక్క నిమిషం ఆగండి. చాలాసార్లు ఆ ఫైలుకేమీ కాదు. దాన్ని ఎలా చదవాలో మన కంప్యూటర్‌కి తెలియదు, అంతే!

తొడుగు ఊడిపోయింది!

ఇప్పుడు ఫోన్లలో మనం రాస్తున్నది యూనికోడ్ తెలుగు. ఇందులో ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకటే సంఖ్య. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకి చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటే 'గౌతమి' ఫాంటూ వచ్చింది. కానీ అచ్చుపనిలో ఆ తర్వాతా చాలాకాలం రాజ్యమేలినవి అను లాంటి ఫాంట్లూ, పేజ్‌మేకరూనే. ఆ ఫాంట్లతో టైపు చేస్తే ఫైల్లో చేరేవి ఇంగ్లిషు అక్షరాల సంఖ్యలు. వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. అది లేనిచోట తొడుగు ఊడి లోపలి ఇంగ్లిషు బయటపడుతుంది.

మరేం చేయాలి?

* ముందు ఫైలుకి నకలు తీయండి. ప్రయోగాలన్నీ దానిమీదే.
* వర్డ్ ఫైలైతే, అక్షరాల్ని సెలెక్ట్ చేసి పైన ఫాంటు పేరు చూడండి. అదే ఫాంటు వేస్తే తెలుగు కనిపిస్తుంది. పాత డీటీపీ సెంటర్ల వాళ్లని అడిగితే సాయం దొరకొచ్చు.
* తర్వాత కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోండి. ఒత్తులు తారుమారయ్యే వీలుంది కాబట్టి పక్కన పెట్టుకుని సరిచూడాలి. ఆస్తిపత్రాల్లాంటివి మాత్రం ఆన్‌లైన్ కన్వర్టర్లలో పెట్టొద్దు.
* పేజ్‌మేకర్ 6, ఆపై వెర్షన్ల ఫైళ్లని ఇన్‌డిజైన్ సీఎస్6 (2012) తెరుస్తుంది. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌తోనూ ప్రయత్నించొచ్చు. రెండింటికీ పాత ఫాంటు మాత్రం ఉండాల్సిందే.

పేరు మారిస్తే మారదు

వర్డ్ ఫైలు పేరు చివర 'పీడీఎఫ్' అని రాసినంత మాత్రాన అది పీడీఎఫ్ అయిపోదు. సీసా మీద చీటీ మారిస్తే లోపల నూనె మారుతుందా! అనుమానమొస్తే నకలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. నిజమైన పీడీఎఫ్ అయితే మొదట్లోనే ఆ మూడు ఇంగ్లిషు అక్షరాలూ ఉంటాయి. చూశాక సేవ్ చేయకుండా మూసేయాలి.

వర్డ్ 2007తో వచ్చిన 'డాక్స్' ఫైలు నిజానికి ఒక జిప్ మూట. అది మొరాయిస్తే వర్డ్‌లోనే 'ఓపెన్ అండ్ రిపేర్' వాడి చూడాలి. కుదరకపోతే నకలు పేరు చివర 'జిప్' అని మార్చి విప్పండి. మూట మరీ దెబ్బతినకపోతే 'మీడియా' అనే ఫోల్డర్లో కనీసం ఫొటోలైనా దక్కుతాయి. సైజు సున్నా అని చూపిస్తే మాత్రం అందులో ఏమీ లేనట్టే.

ఇన్ని తంటాలుపడి తెరిచాక మళ్లీ పాత ఫాంటులోనే వదిలేయకండి. యూనికోడ్‌లో ఒకటి, పీడీఎఫ్‌గా ఒకటి దాచి, ఒక ప్రింటూ తీయించండి. తాతయ్య రాసింది మునిమనవలూ చదువుకుంటారు!