రెండు ద్వీపములు – రెండు గడియారములు

హైదరాబాదు నగరమునందలి బషీర్‌బాగ్‌లో లాల్ బహదూర్ క్రీడారంగము కలదు. 1975వ సంవత్సరము ఏప్రిల్ మాసమున అచ్చట మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినవి. మన దేశమునకు వెలుపల తరతరములుగా తెలుగువారు నివసించుచున్న తావులలో మారిషస్, ఫిజీ అను ద్వీపదేశములు పేర్కొనదగినవి. మొదటిది మనకు నైరుతి దిక్కున హిందూ మహాసముద్రములోను, రెండవది మిక్కిలి దూరమున తూర్పుగా పసిఫిక్ మహాసముద్రములోను ఉన్నవి.

బషీర్‌బాగ్‌లో ఉదయము ఆరు గంటలైనపుడు మారిషస్‌లో నాలుగున్నర గంటలు. ఇంకను చీకటి వీడదు. ఫిజీలో అప్పటికే మధ్యాహ్నము పన్నెండున్నర; బడిపిల్లలు భోజనమునకు లేచు వేళ. ఈ భేదమునకు కారణమేమి?

భూమి తన చుట్టు తాను పడమటినుండి తూర్పునకు తిరుగుచు 24 గంటలలో 360 డిగ్రీలు పూర్తిచేయును. అనగా గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషములు. అందువలన తూర్పునందున్నవారికి సూర్యోదయము ముందుగా నగును. మన దేశకాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును అనుసరించినది. ఆ రేఖ కాకినాడ సమీపమున పోవును. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమరగా నున్నది. కావున ఇచ్చట సూర్యుడు నడిమింటికి వచ్చుసరికి గడియారము సగటున 12 గంటల 16 నిమిషములు చూపును. ఊరికొక కాలమున్నచో రైళ్లు నడుపుట దుస్సాధ్యము గనుక దేశమంతటికి ఒకే కాలము నిర్ణయింపబడినది.

180 డిగ్రీల రేఖాంశము ఫిజీలోని తవేయునీ ద్వీపముమీదుగా పోవును. తేదీరేఖ దానిని అట్లే అనుసరించినచో ఒకే ద్వీపమున రెండు తేదీలు చెల్లవలసివచ్చును. అందుచే ఆ రేఖను తూర్పునకు వంచి, ఫిజీకంతకు ఒకే తేదీ యుండునట్లు చేసిరి.

గడియారములు వేరైనను ఋతువులు వేరు కావు. రెండు దేశములును భూమధ్యరేఖకు దక్షిణమున దాదాపు ఒకే అక్షాంశమునందున్నవి. మనకు వసంతమున వచ్చు ఉగాది అచ్చటివారికి వేసవి వానలు వెనుకపట్టు దినములలో వచ్చును. రెండుచోట్లను చెరకు పండును. ఆ చెరకే మనవారిని అచ్చటికి చేర్చినది.

మారిషస్‌కు 1834 మొదలుకొని భారతీయ కూలీలను ఒప్పందముమీద కొనిపోయిరి. తెలుగువారు కోరంగి రేవునుండియు ఓడలెక్కిరి. వారు కాలుమోపిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. భారత సంతతివారే అచ్చట అధిక సంఖ్యాకులు. వీథులలో వినవచ్చునది క్రియోల్ భాషయైనను, పాఠశాలలలో తెలుగు నేర్పుదురు. ఉగాది ప్రభుత్వ సెలవు దినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దేశముననే జరిగినవి.

ఫిజీకి కూలీల ఓడలు 1879 నుండి 1916 వరకు సాగినవి. దక్షిణాదివారు 1903 నుండి వెళ్లిరి. ఆంగ్లములోని 'అగ్రిమెంటు' వారి నోట 'గిర్మిట్' అయ్యెను. పలు ప్రాంతముల కూలీలు కలిసి బ్రదుకుటచే ఫిజీ హిందీ అందరి మాట యయ్యెను. తెలుగు క్రమముగా ఇంటి కోణమునకు ఒదిగినది. అచ్చటి భూమిలో అధికభాగము ఆదివాసులదే. చెరకు రైతులు పెక్కురు కౌలుదార్లు. 1987లో సైనికులు ప్రభుత్వమును కూలద్రోసిన పిదప వేలకొలది భారత సంతతివారు ఆస్ట్రేలియా, న్యూజిలాండులకు మరల వలసపోయిరి.

విద్యార్థులారా! మీలో కొందరి బంధువులు విదేశములలో నుందురు. మన రాత్రి తొమ్మిది గంటలకు మారిషస్‌లో ఏడున్నర. కుటుంబము కలిసి మాట్లాడుకొను సమయము. ఫిజీలో మరునాటి తెల్లవారుజాము మూడున్నర, గాఢనిద్ర వేళ. కావున దూరముననున్నవారిని పలుకరింపబోవునపుడు వారి గడియారమును లెక్కించుకొనుడు. కాలభేదమును గుణకారముతో తెలిసికొనవచ్చును. ఒకచోట బడిలో నిలిచిన భాష మరియొకచోట ఏల తగ్గినదో తెలియుటకు మాత్రము ఆ ప్రజల చరిత్రను చదువవలెను. మన యింట తెలుగు నిలుచునో లేదో కూడ అట్లే మనము నడచుకొను తీరుపై నాధారపడియున్నది.