పిల్లల ఆటలు – పెద్దల లెక్కలు

బడుల్లో ఆటల పోటీలు దగ్గరపడే రోజుల్లో మా అంచెట్టి వైపు తల్లిదండ్రుల నోట ఒక మాట వినబడుతుంటుంది. "అయ్యవారూ, మావాడి వయసు ఒక్క ఏడాది తగ్గించి రాసిస్తే ఏం పోతుంది?" అడిగేవారు చెడ్డవారు కారు. తెల్లవారి పట్టుపురుగులకు ఆకు వేసి, ఆ తర్వాత రాగిచేనికి పోయే మనుషులు. కొడుకో కూతురో కబడ్డీలోనో పరుగుపందెంలోనో ముందుకు వస్తే వారికి ఒక ఆశ పుడుతుంది. ఆ ఆశకు ఆధారమూ ఉంది. తమిళనాడు ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారులకు 3 శాతం కేటాయింపు ఉంది. పెద్ద చదువుల్లోనూ వారికి కొన్ని సీట్లు ఉన్నాయి. అందుకు కావలసిన సర్టిఫికెట్లకు తొలిమెట్టు ఈ బడి పోటీలే. కనుక "ఏం పోతుంది?" అన్న ప్రశ్నను కొట్టిపారేయకుండా నిదానంగా చూద్దాం.

బడిపిల్లల పోటీలను 14, 17, 19 ఏళ్ల లోపువారని మూడు తరగతులుగా విడదీశారు. ఎందుకు? మగపిల్లలు సుమారు 13, 14 ఏళ్ల ప్రాయంలో ఒక్కసారిగా ఎదుగుతారు. ఆడపిల్లలు అంతకు ఒకటి రెండేళ్లు ముందే ఎదుగుతారు. ఆ ఒక్క ఏడాదిలో 8 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తు పెరగడం మామూలు విషయం. మగపిల్లలకైతే ఎత్తు వెనకే కండబలం, బరువు, దమ్ము వస్తాయి. కాబట్టి పన్నెండేళ్లవాడినీ, పద్నాలుగు దాటినవాడినీ ఒకే బరిలో దించితే ఎవరికి ఆట బాగా వచ్చో తెలియదు, ఎవరు ముందు ఎదిగారో మాత్రం తెలుస్తుంది. కబడ్డీ పట్టులో ఆ బరువంతా చిన్నవాడి మోకాలి మీద పడితే ఆ సంవత్సరం చదువూ ఆటా రెండూ మంచం మీదే.

ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పుకోవాలి. పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేస్తే సగం ఊరు మే, జూన్ నెలల్లోనే పుట్టినట్టు కనబడుతుంది! కొండ పల్లెల్లో కాన్పు ఇంట్లోనే జరిగేది. పుట్టిన 21 రోజుల్లోగా తెలియజేయాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతున్నా, తెలియజేసే తీరిక ఎవరికి? బడిలో చేర్చే రోజు పిల్లవాడు కుడిచేతిని నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకుంటే ఐదేళ్లు నిండినట్టే లెక్క. ఆ జూన్‌కు సరిపడే తేదీ ఒకటి అయ్యవారు రాసేవారు. ఇది మోసం కాదు, తెలియక జరిగిన పొరపాటు. దీన్నీ, పతకం కోసం తెలిసి దిద్దిన తేదీనీ ఒకే గాటన కట్టకూడదు. అయితే మొదటిదాని చాటున రెండవది సులభంగా దాక్కుంటుందన్నది కూడా నిజమే. "మాకు తేదీలు గుర్తుండవు సార్" అన్న మాట ఒకప్పుడు అమాయకత్వం. ఇప్పుడు కొందరి నోట అది ఉపాయం.

ఆ ఉపాయాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ఒక బడి మాని ఇంకొక బడిలో కింది తరగతిలో చేర్చడం ఒకటి. ఆలస్యపు నమోదు పేరుతో వేరేచోట రెండవ జనన సర్టిఫికెట్టు పుట్టించడం ఇంకొకటి. ఇది మన దేశానికే పరిమితమనుకోకండి. 2001లో అమెరికాలో పన్నెండేళ్ల లోపు పిల్లల బేస్‌బాల్ పోటీల్లో డానీ అల్మాంటే అనే కుర్రవాడు బంతి విసిరితే ఎదుటివారు నిలవలేకపోయారు. తర్వాత విచారిస్తే తేలిందేమిటి? డొమినికన్ రిపబ్లిక్‌లో ఆ పిల్లవాడి పుట్టుక రెండుసార్లు నమోదై ఉంది. 1987లో పుట్టాడన్నది నిజం, 1989 అన్నది తండ్రి చేయించినది. అంటే వాడికి అప్పటికి పద్నాలుగేళ్లు. జట్టు గెలుపులన్నీ కొట్టివేశారు. పిల్లవాడికి ఈ సంగతి తెలియదని నిర్వాహకులు అతనిని తప్పుపట్టలేదు. తండ్రిని జీవితాంతం ఆ పోటీల నుంచి వెలివేశారు. కానీ ఈనాటికీ ఆ పేరు వింటే అందరికీ గుర్తొచ్చేది తండ్రి కాదు, ఆ కుర్రవాడే.

మన తెలుగునేల మీది ఉదాహరణ ఇంకా బాధ కలిగిస్తుంది. 2019 నవంబరులో తిరుపతిలో జాతీయ స్థాయి అంతర్‌జిల్లా జూనియర్ అథ్లెటిక్స్ జరిగాయి. దేశం నలుమూలల జిల్లాల నుంచి 14, 16 ఏళ్ల లోపు పిల్లలు వచ్చారు. వయసు పరీక్షలో యాభై మందికి పైగా మించినవారని తేలింది. పరీక్ష ఉందని తెలిసి నూట యాభై మందికి పైగా పిల్లలు అసలు పరీక్షకే నిలబడకుండా వెళ్లిపోయారు. రైళ్లెక్కి అంత దూరం వచ్చి, పరుగెత్తకుండానే పారిపోయిన పిల్లలు! వారిని అలా పరుగెత్తించింది ఎవరు?

ఆ పరీక్ష సంగతి కొంచెం చెబుతాను. పెరిగే పిల్లల ఎముకల చివర మెత్తని మృదులాస్థి ఉంటుంది. ఎదుగుదల పూర్తయ్యేకొద్దీ అది గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. ఎడమచేతి మణికట్టునూ వేళ్లనూ ఎక్స్‌రే తీసి, ఒక్కొక్క ఎముక ఏ దశలో ఉందో మార్కులు వేసి వయసు అంచనా కడతారు. టానర్, వైట్‌హౌస్ అనే ఇద్దరు ఏర్పరచిన పద్ధతి ఇది. మన క్రికెట్ బోర్డు పదహారేళ్ల లోపు పోటీలకు దీన్నే వాడుతోంది. ఫుట్‌బాల్‌లో 2009లో నైజీరియాలో జరిగిన పదిహేడేళ్ల లోపు ప్రపంచ కప్పు నుంచి మణికట్టుకు ఎం.ఆర్.ఐ. తీస్తున్నారు.

అయితే ఎముక చెప్పేది ఎదుగుదల, పుట్టిన తేదీ కాదు. తిండి చాలని పిల్లల ఎముకలు వయసు కన్నా వెనకబడతాయి. తొందరగా ఎదిగిన పిల్లల ఎముకలు ముందుంటాయి. నిజంగా పదమూడేళ్లే ఉన్నా మీసం మొలిచిన పిల్లవాడిని చూసి చప్పట్ల బదులు వెక్కిరింపులు వినిపిస్తుంటాయి. అది అన్యాయం. పక్కింటి అబద్ధాల వల్ల నిజం చెప్పిన ఇంటికి వచ్చిన కష్టం అది.

మన పొరుగున బెంగళూరులో పెరిగిన రాహుల్ ద్రావిడ్ 2015 డిసెంబరులో ఢిల్లీలో పటౌడీ స్మారక ప్రసంగం చేస్తూ ఈ విషయం ఎత్తుకున్నారు. వయసు దిద్దడానికీ, డబ్బు తీసుకుని ఆట అమ్ముకోవడానికీ తేడా ఏమిటని ఆయన అడిగారు. నాకు ఆ పోలిక గట్టిదే అనిపిస్తుంది. పైగా అమ్ముడుపోయేవాడు పెద్దవాడు. ఇక్కడ అబద్ధం మోసేది పసివాడు. తన పుట్టినరోజు గురించి ఎవరైనా అడిగితే అమ్మ ముఖం చూసి జవాబు చెప్పవలసిన పిల్లవాడు.

ఆ పిల్లవాడికైనా లాభం ఉందా? పద్నాలుగేళ్ల విభాగంలో బలంతో గెలిచినవాడికి మెలకువలు నేర్చుకునే అవసరం కలగదు. పందొమ్మిదేళ్లకు అందరూ ఎదిగి వస్తారు. అప్పుడు చేతిలో బలం సమానం, నేర్పు తక్కువ. ఈలోగా దొరికితే క్రికెట్‌లో రెండేళ్ల నిషేధం. 2020లో బోర్డు ఒక తలుపు తెరిచింది. తామే ముందుకొచ్చి అసలు తేదీ ఒప్పుకున్నవారికి శిక్ష లేదంది. ఇలాంటి తలుపు ప్రతి ఆటలోనూ, ప్రతి జిల్లాలోనూ ఉండాలని నా అభిప్రాయం. భయంతో దాచినదాన్ని భయపెట్టి బయటికి లాగలేం.

మళ్లీ ఆ ప్రశ్నకు వద్దాం. ఏం పోతుంది? కబడ్డీ జట్టులో పన్నెండు మంది. వయసు దిద్దినవాడు ఒకడు చేరితే, నిజంగా పదమూడేళ్లున్న ఒకడు బయట ఉంటాడు. నాట్రాంపాళ్యం వైపు కొండపల్లె నుంచి తొలి బస్సుకు వచ్చి ఎంపికల్లో పాల్గొని, మలి బస్సుకు తిరిగి వెళ్లినవాడు. వాడి పేరు ఏ పట్టికలోనూ ఉండదు కనుక వాడి తండ్రి ఎవరి మీదా ఫిర్యాదు చేయడు. "ఆడలేదేమో" అనుకుంటాడు. కొడుకూ అలాగే అనుకుంటాడు. వచ్చే ఏడు ఎంపికలకు రాడు.

చివరగా వింటున్న తల్లిదండ్రులకు ఉపయోగపడే రెండు మాటలు. జనన సర్టిఫికెట్టులో పుట్టిన తేదీతో పాటు నమోదైన తేదీ కూడా ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఏళ్ల దూరం ఉంటే పోటీల అధికారులు ప్రశ్నలు వేస్తారు, వేయాలి కూడా. పొరపాటున తప్పు తేదీ పడిన పిల్లలుంటే పదో తరగతి సర్టిఫికెట్టు రాకముందే ఆస్పత్రి కాగితాలో, టీకాల కార్డో పట్టుకుని బడికి రండి. ఆ తర్వాత సరిచేయడం చాలా కష్టం. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరేటప్పుడు జనన సర్టిఫికెట్టే పుట్టిన తేదీకి రుజువని చట్టం సవరించారు. ఆ పిల్లల్లో మొదటివారు పద్నాలుగేళ్లు నిండేది 2037లో. అంతవరకు మన మైదానాల్లో ఆడే పిల్లల్లో చాలామంది వయసు మన చేతిరాతలోనే ఉంది.